జవాన్ల పెట్టెలో ఆవకాయ సీసా వద్దు, కందిపొడి పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు 15 ముందు, మళ్లీ డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినోత్సవం ముందు మన జంట నగరాల్లో చాలా కాలనీ సంఘాలు, బళ్లు సరిహద్దు జవాన్లకు కానుకలు సేకరిస్తుంటాయి. మనసు మంచిదే. పెట్టెలోకి చేరే సరుకుతోనే చిక్కు. గాజుసీసాల్లో ఆవకాయ, ఉస్మానియా బిస్కెట్లు, చిప్స్, నూలు సాక్సులు, సెంటు సీసాలు, పవర్ బ్యాంకులు. వీటిలో కొన్ని పోస్టాఫీసే తీసుకోదు, కొన్ని దారిలో పగులుతాయి, మిగిలినవి చేరినా అక్కరకు రావు.

హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాకా బరువు పెద్ద సమస్య కాదు. లడఖ్ వైపు వెళ్లే సరుకుకు ఆ తర్వాతే అసలు పరీక్ష. పదకొండున్నర వేల అడుగుల జోజిలా కనుమ మంచుతో మూసుకుపోక ముందే చలికాలానికి కావలసిన రేషన్, కిరోసిన్, బట్టలు పైకి ఎక్కించి పెట్టుకోవాలి. లడఖ్‌కు వెళ్లే రెండో దారి, మనాలి దారిలో 2020లో అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ బెడద తీరింది గానీ, అంతకన్నా ఎత్తైన బారాలాచా కనుమ ఉండనే ఉంది. లారీ ఆగిపోయే చోటు నుంచి కంచర గాడిద మోసేది సుమారు 70 కిలోలు, మనిషి వీపు మోసేది అందులో మూడోవంతు. సియాచిన్ పై పోస్టులకు వెళ్లే చీతా హెలికాప్టర్ ఆ పలచటి గాలిలో మోయగలిగేది కొద్ది పదుల కిలోలే. అక్కడ మన రెండు కిలోల స్వీట్ బాక్సు ఎక్కాలంటే రెండు కిలోల కిరోసిన్ దిగాలి.

ఆ కిరోసిన్ విలువ ఎంతో ఒక లెక్క చూడండి. పై పోస్టుల్లో నీళ్లంటే మంచును కరిగించుకోవడమే. స్టవ్ వేడిలో సగం గిన్నెకు చేరిందనుకున్నా, లీటరు కిరోసిన్‌తో మంచును కరిగించి మరిగిస్తే 20, 25 లీటర్ల నీళ్లు వస్తాయి. గాలి, చలి కలిసి ఆ సగాన్ని కూడా తినేస్తాయి కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. పైగా 18,000 అడుగుల ఎత్తున నీళ్లు 82 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఎంతసేపు మరిగించినా పప్పు బద్ద బద్దగానే ఉంటుంది, కుక్కర్ లేకపోతే అన్నం పలుకు విరగదు. అందుకే పచ్చి పప్పులు, ఉడికించాల్సిన మిక్స్‌లు పంపడమంటే వాళ్ల ఇంధనాన్ని మనం ఖర్చు పెట్టించడమే.

ఈ విషయంలో మన వంటింటికి సాటి లేదని నా అభిప్రాయం. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి, కారప్పొడి. ఉడకబెట్టే పని లేదు, బరువు లేదు. ఎత్తుకు వెళ్లేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది, అక్కడ ఘాటు, పులుపే ముద్దను గొంతు దింపుతాయి. కాకపోతే పొడిని పంపడానికి కొట్టే పద్ధతి వేరు. పప్పును సన్నసెగ మీద లోపలి దాకా వేగనిచ్చి, పళ్లెంలో పరచి పూర్తిగా చల్లార్చి, అప్పుడే కొట్టాలి. వేడి మీద మూతపెడితే ఆవిరి పట్టి వారంలో గడ్డ కడుతుంది. పచ్చి వెల్లుల్లి వేయొద్దు, దాని తడికి బూజు వస్తుంది. ఎండు కొబ్బరి, పల్లీలు వేసినవి తొందరగా కనరెక్కుతాయి. మంచు కాలంలో పార్శిల్ వారాల తరబడి ఎక్కడో ఆగిపోవచ్చు కాబట్టి వాటిని పక్కన పెట్టడమే మేలు.

కవర్లు బేగంబజార్‌లో దొరికే మందపాటి జిప్ రకం తీసుకోండి. కవర్‌కు 200 గ్రాములు చాలు. బల్ల మీద పరచి అరచేత్తో కింద నుంచి పైకి నొక్కుతూ గాలంతా తీసేసి జిప్ మూయండి, దాన్ని ఇంకో కవర్‌లో పెట్టండి. ఎందుకంటే 18,000 అడుగుల దగ్గర గాలి ఒత్తిడి మన దగ్గరున్న దాంట్లో సగం. ఇక్కడ గుప్పెడు గాలి అక్కడ దాదాపు రెండు గుప్పెళ్లవుతుంది. గాలి నింపిన చిప్స్ ప్యాకెట్లు బెలూన్లలా ఉబ్బి పగిలేది ఇందుకే.

తీపిలో సున్నుండలు బాగా తట్టుకుంటాయి. పూతరేకులు మాత్రం దయచేసి వద్దు, పెట్టె విప్పితే పొట్టు తప్ప రేకు కనిపించదు. ఆవకాయ పంపి తీరాలనుకుంటే వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బాలో, పైన తేలే నూనె వంచేసి, మూత కింద పాలిథిన్ ముక్క వేసి బిగించండి. మూత చుట్టూ టేపు వేస్తే నూనె ఆగుతుందనుకోవడం భ్రమ.

నూలు సాక్సు చెమటను పీల్చి తడిగా ఉండిపోతుంది. ఆ తడే పాదాన్ని చల్లబరిచి దెబ్బతీస్తుంది. ఉన్నివి పంపండి, బిగుతు కానివి. బిగిస్తే నెత్తురు ఆడక వేళ్లకు మంచుకాటు త్వరగా తగులుతుంది. రంగు ఆకుపచ్చ, బూడిద లేదా నలుపు. కొబ్బరినూనె మన డిసెంబరు చలికే సీసాలో గడ్డకడుతుంది, అక్కడ సన్నమూతి సీసాలోంచి చుక్క రాదు. బాల్‌పెన్ సిరా కూడా గడ్డకడుతుంది, రెండు పెన్సిళ్లు పెడితే ఉత్తరం రాసుకుంటారు. పెదవులకు రాసుకునే బామ్ ఎప్పుడూ పనికొస్తుంది. ఈశాన్య అడవుల్లో ఉన్నవాళ్లకైతే పాదాలకు చల్లుకునే పౌడరు, తడి తగలని కవర్లు. ఎడారిలో ఉన్నవాళ్లకు చాక్లెట్ పంపొద్దు, అంతే.

సెంటు, స్ప్రే డబ్బాలు, లైటర్లు, అగ్గిపెట్టెలు మండే సరుకు కిందికి వస్తాయి. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు విమానంలో వెళ్లే టపాలో పెట్టకూడదు. చేరినా లాభం తక్కువే, సున్నా డిగ్రీల కింద వాటిని ఛార్జ్ చేస్తే లోపలి సెల్ పాడవుతుంది.

బూట్లు, మంచు కళ్లద్దాలు, స్లీపింగ్ బ్యాగుల కోసం చందాలు పోగుచేయడం మానుకోవాలి. వాటికి పరీక్షించిన ప్రమాణాలు ఉంటాయి, దుకాణంలో కొన్న జాకెట్ వాటికి సాటి రాదు. 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చిన, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదిక ఎత్తైన ప్రాంతాల్లో మంచు కళ్లద్దాల కొరతను, బూట్ల కొనుగోలులో జాప్యాన్ని ఎత్తిచూపింది. అలాంటి లోటు మీద ఎంపీకి ఉత్తరం రాయాలి. డబ్బు ఇవ్వదలచినవారికి 1949 నుంచి పతాక దినోత్సవ నిధి ఉంది, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కట్టి రసీదు తీసుకోవచ్చు.

ఇక చిరునామా. సైనిక నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, ఆ కింద 56 ఏపీఓ లేదా 99 ఏపీఓ (ఏపీఓ అంటే సైనిక తపాలా కార్యాలయం), 9తో మొదలయ్యే ఆరంకెల పిన్‌కోడ్. ఇంతే రాయాలి. పక్కన ‘సియాచిన్’ అనో ‘లేహ్’ అనో చేర్చొద్దు. అది భద్రతకు మంచిది కాదు, పైగా పార్శిల్ సైనిక టపాలోకి వెళ్లకుండా మామూలు టపాలో తిరుగుతుంది. ప్రైవేటు కొరియర్లు ఈ చిరునామాలకు చేర్చవు, తపాలా శాఖ ద్వారానే పంపాలి. ‘వీర జవానుకు’ అని మాత్రమే రాసిన పెట్టె ఎవరి చేతిలో పెట్టాలో ఏ పోస్ట్‌మ్యాన్‌కూ తెలియదు. కాలనీలో ఎవరింటి అబ్బాయో, అమ్మాయో సైన్యంలో ఉంటే ఆ ఇంట్లోనే చిరునామా అడిగి, రెండు కిలోలు మించకుండా పెట్టెకట్టి, లోపల ఏమున్నాయో ఒక చీటీ పెట్టండి. యూనిట్ అప్పుడప్పుడూ మారుతుంది కాబట్టి కట్టేముందు ఆ ఇంటివాళ్లను ఇంకోసారి అడగండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తిరుమలగిరి, సికింద్రాబాద్