వాళ్లు మతం వదిలేస్తే మనం వాళ్లని వదిలేయాలా?

సంపాదకులకు,

మతం విడిచినవాళ్ల గురించి పేపర్లలో వచ్చేవి ఎక్కువగా హక్కుల మాటలు, లేకపోతే గొడవలు. వాళ్ల పాత స్నేహాలు ఏమవుతున్నాయో ఎవరూ రాయరు, అందుకే ఈ ఉత్తరం.

నేను దేవుణ్ని నమ్ముతాను, రోజూ ప్రార్థన చేసుకుంటాను. చిన్నప్పటి నుంచి నా పక్కనే కూర్చుని ప్రార్థన చేసిన స్నేహితురాలు, ఇక తనకు నమ్మకం లేదని చెప్పి మానేసింది. చెప్పీ చెప్పగానే వాట్సాప్ గ్రూపులోంచి ఆమె నంబరు తీసేశారు. వాళ్లమ్మ ఆపరేషన్‌కి వంతులేసుకుని ఆస్పత్రిలో పడుకున్నవాళ్లు ఆ గ్రూపులోనే ఉన్నారు, ఆమె దగ్గర లెక్కలు చెప్పించుకున్న పిల్లల తల్లులూ ఉన్నారు, ఒక్కరంటే ఒక్కరు ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడగలేదు. నమ్మకం పోవడం గురించి ఆమె నిదానంగానే మాట్లాడుతుంది, ఈ సంగతి వచ్చేసరికి మాత్రం గొంతు పూడుకుపోతుంది.

ఇలాంటివాళ్లతో తిరిగితే మనకీ అంటుకుంటుందని మావాళ్ల భయం. పక్కన కూర్చుంటేనే పోయేంత పలచని నమ్మకమైతే దాన్ని గురించి మనమే ఆలోచించుకోవాలి. ఇంకొందరు స్నేహం కొనసాగిస్తారు కానీ మళ్లీ లాక్కురావడానికే. "బాగున్నావా" అని మెసేజ్, వెనకాలే ఒక ప్రసంగం వీడియో. అవతలివాళ్లకి ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది, ఆ తర్వాత మనం ప్రేమగా అడిగినా అనుమానంగానే చూస్తారు.

ఎవరో చెడగొట్టారనో, విచ్చలవిడిగా బతకాలని వెళ్లిపోయారనో అనేయడం చాలా అన్యాయం. నాకు తెలిసినంతలో ఎవరూ రాత్రికి రాత్రి మానేయరు, ఏళ్ల తరబడి లోపల మథనపడతారు, బయటికి చెబితే మనం ఎక్కడ దూరమవుతామోనని దాచుకుంటారు. ఒకరికి జవాబు దొరకని ప్రశ్న, ఒకరికి అయినవాళ్ల చావు, ఇంకొకరికి మనలోనే ఎవరో చేసిన గాయం. ఎందుకు మానేశావని ఒకసారి అడగండి, అడిగాక మధ్యలో వాదించకుండా పూర్తిగా వినండి. వదిలేసినవాళ్లూ మా ప్రార్థనని వెక్కిరించకపోతే చాలు, అంతకు మించి అడగను.

ఇది జరగని పనేం కాదు. చార్లెస్ డార్విన్ కేంబ్రిడ్జిలో చదివింది చర్చి మతాచార్యుడు కావాలనే. తర్వాత నమ్మకం సడలి, చర్చికి వెళ్లడమే మానేశాడు. అయినా తన ఊరి చర్చి మతాచార్యుడు ఇన్నెస్‌తో ముప్పై ఏళ్లకు పైగా స్నేహం నిలిచింది, పేదల కోసం ఆ ఊళ్లో నడిపిన పొదుపు సంఘం లెక్కలు చూసింది డార్వినే. ఇద్దరూ పూర్తిగా ఏకీభవించింది ఒక్కసారేనని, అప్పుడు మనలో ఎవరికో ఒంట్లో బాగాలేదేమో అన్నట్టు ఒకరినొకరు చూసుకున్నామని డార్వినే చెప్పుకున్నాడు. కలిసి చేసే పని ఒకటి ఉంటే స్నేహం దాన్ని పట్టుకుని నిలబడుతుందని నాకనిపిస్తుంది. మేమిద్దరం ఇప్పటికీ కలిసి పిల్లలకు చదువు చెబుతున్నాం.

మతం మార్చుకునే స్వేచ్ఛ గురించి 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 18వ అధికరణంలోనే రాసుకున్నారు, కానీ పాత స్నేహితురాలి ఫోన్ ఎత్తమని ఏ అధికరణమూ చెప్పలేదు, అది మన చేతిలో పని. వెలితి ఉండదని కూడా నేను అనను. కలిసి ప్రార్థన చేసుకున్న ఆ గంట నాకిప్పటికీ గుర్తొస్తుంది, ఆ మాటే తనతో అంటే తనకీ గుర్తొస్తుందంది.

మా పెద్దలకు ఒక్క విన్నపం. పిల్లల్ని ఇందులోకి లాగకండి. ఆమె కూతురితో ఆడుకోవద్దని ఈ మధ్య కొందరు తమ పిల్లలకు చెబుతున్నారు, ఆ పిల్ల వచ్చి కారణం అడిగితే వాళ్లమ్మ దగ్గర జవాబు లేదు. మా అమ్మాయిని మాత్రం నేను ఆపను.

ఇట్లు,
ఒక పాఠకురాలు