మోకీలు పూర్తిగా అరిగాకే రమ్మంటే ఎలా, మంత్రిగారూ?

గౌరవనీయులైన ఆరోగ్యశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి రెండింటికీ "మీ అర్జీ పరిశీలనలో ఉంది" అని ఒకే ముక్క వచ్చింది. మూడో దానికి, నొప్పి మాత్రలు ఉచితంగా ఇస్తున్నాం, వాడుకోండి అని జవాబు. నేను అడిగింది ఆపరేషన్ గురించి. బోడిగుండుకూ మోకాలికీ ముడి అంటే ఇదే కాబోలు. ఇక్కడ మోకాలైతే నాదే, బోడిగుండు ఎవరిదో మరి!

పథకం గురించి మీకు చెప్పేంతటి దాన్ని కాను. మోకీలు మార్పిడికి డబ్బిస్తున్నారు, సంతోషం. కానీ నాకు 41 ఏళ్లు. ఈ వయసులో కీలు మార్చుకుంటే అదీ అరిగి, రెండోసారి కోతకు వెళ్లాల్సివచ్చే అవకాశం పెద్దవాళ్లకంటే నాకే ఎక్కువ. ఉన్న కీలును కాపాడుకుంటానంటే మాత్రం మీ జాబితాలో చోటు లేదు.

నన్ను చూసిన డాక్టర్ ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి ఆనించి, తుంటి నుంచి చీలమండ దాకా స్కేలు పెట్టి గీత గీశారు. అది మోకాలి నడుమగా పోవాలట. నాది లోపలి అంచు మీదుగా పోతోంది. దొడ్డికాళ్లు కదా, బరువంతా లోపలి వైపే పడి అక్కడ గుజ్జు అరుగుతోంది. బయటి వైపు ఇంకా బాగానే ఉంది. మోకాలి కింది ఎముకను కోసి, కొద్దిగా తెరిచి, ప్లేటూ స్క్రూలూ బిగిస్తే బరువు బాగున్న వైపుకు మళ్లుతుంది. ఆస్టియోటమీ అంటారు. నిన్న మొన్నటిదేం కాదు, దశాబ్దాలుగా చేస్తున్నదే. కాకపోతే టైముకి చేయాలి. రెండు వైపులా అరిగాక గీత ఎటు జరిపినా ఒకటే.

మీ ఆఫీసులో ఏమన్నారో తెలుసా? "ఇంకా అంత అరగలేదమ్మా. పూర్తిగా అరిగాక రండి, మార్పిడి శాంక్షన్ అవుతుంది."

అంటే అరగదీసుకుని రావాలా సార్? ఎంత నడిస్తే అరుగుతుందో కూడా చెబితే ఆ పని మీదే ఉంటాను. గుజ్జు పోతే తిరిగి రాదని విలియం హంటర్ అనే ఆయన 1743లోనే రాశాడు. ఆ కబురు మీ శాఖకు ఇంకా అందినట్టు లేదు.

ఆ మాట అన్న గది రెండో అంతస్తులో ఉంది. లిఫ్ట్ పనిచేయదు. ఎక్కడం ఎలాగో ఎక్కాను, దిగడమే నరకం. రెయిలింగ్ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ కలుపుకుంటూ పీతలా దిగాను. కింద బెంచీ మీద ఒక కుర్రాడు. ఆటలో మెనిస్కస్, అదే మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండేది, చిరిగిందట. అంచు దగ్గరే, రక్తం అందే చోటే చిరిగింది, కుడితే అతుక్కుంటుంది అన్నారట. కుట్టడానికి అప్రూవల్ రాలేదు, తీసేయడానికి వచ్చింది! తీసేస్తే కీలు తొందరగా అరుగుతుందని 1948 నుంచీ డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. పోనీలెండి, మార్పిడికి మీకు ఇంకొకడు తయారు.

మీరిలా నాన్చుతుంటే ప్రైవేటు క్లినిక్కులకు పండగే. ఇంజెక్షన్‌తో గుజ్జు మళ్లీ మొలుస్తుందని బోర్డులు పెట్టేశారు. సొంత రక్తంలోంచి తీసిన ప్లేట్‌లెట్ ఇంజెక్షన్‌ను ఉత్త ఉప్పునీటితో పోల్చిన ట్రయల్ 2021లో వచ్చింది. ఏడాది తర్వాత చూస్తే నొప్పిలో గానీ గుజ్జులో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అప్పు చేసి అవి పొడిపించుకునేవాళ్లు కనబడుతున్నారు. వాళ్లనైనా ఆపండి.

దయచేసి జాబితా మార్చండి. ఆస్టియోటమీ, మెనిస్కస్ కుట్టడం, ఈ రెండూ చేర్చినా చాలు. లేదంటే ఎందుకు చేర్చరో చెప్పండి. కనీసం చదివామని ఒక్క ముక్క రాయించండి.

మాట్లాడదాం రమ్మంటే వస్తాను. కింది అంతస్తులో పిలవండి.

ఇట్లు,
మూడు అర్జీల మోకాలి రోగి