శేషాచలానికి జీపు సఫారీ వద్దు, నడిపించండి చాలు

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను తిరుపతిలో చిన్న ట్రావెల్స్ నడుపుతా ఉండా సార్. సెలవులు దగ్గరకొస్తే మా ఆఫీసులో ఫోన్ ఆగదు, కర్ణాటకలో బండీపూర్ పోదామా కబిని పోదామా అని, ఈ మధ్య కొడుకో కూతురో ఫారిన్‌లో ఉండేవాళ్లైతే ఆఫ్రికా కూడా అడగతా ఉండారు. అందరి డౌటూ ఒకటే, జీపులో పోతే బాగుంటాదా, నడిచి పోయేది బాగుంటాదా అని. దాని వెనకాలే ఇంకో మాట ఖాయంగా వస్తాది, ఇంత అడివి మన కొండ మీదే ఉంటే మనకెందుకు లేదన్నా జీపు సఫారీ, శేషాచలంలో కూడా రోడ్లేసి పెడితే సరిపోద్ది కదా అని. ఆ రెండో మాట గురించే ఈ లెటర్. బండ్లు తిప్పుకోని బతికేవాణ్ణే, అయినా గట్టిగా చెప్తా ఉండా, శేషాచలానికి జీపు వద్దు, నడక కావాలి, అది కూడా గైడ్‌తో, కొద్దిమందితో, ఒక పద్ధతిగా.

జీపు చెడ్డదని నేననడం లేదు. బండీపూర్, నాగరహోలె లాంటి చోట్ల పులులు, ఏనుగులు, అడివి దున్నలు ఉంటాయి, దూరాలు ఎక్కువ, పొద్దున్నే రెండు మూడు గంటల్లో అంత అడివి తిరగాలంటే బండి తప్ప వేరే దారి లేదు. రోజూ చూసే జీపుని జంతువులు పెద్దగా పట్టించుకోవు, మనం లేచి నిలబడకుండా, చేతులు బయట పెట్టకుండా, అరవకుండా ఉంటే అవి వాటి పని చేసుకుంటా ఉంటాయి. అదే జంతువు బండి దిగిన మనిషిని చూస్తే ఎంతో దూరం నుంచే పారిపోతాది, లేకపోతే తిరగబడతాది. మోకాళ్ల నొప్పులుండే పెద్దోళ్లకి, చిన్న పిల్లలకి, పెద్ద లెన్సులు మోసుకోని ఫోటోల కోసం పోయేవాళ్లకి నేను జీపే చెప్తా. కాకపోతే ఒక్కటి మాత్రం కళ్లారా చూసినా సార్, పేరెందుకు గానీ ఒక అడివిలో పులి కనపడిందని ఒక డ్రైవర్ ఇంకో డ్రైవర్‌కి చెప్పడం, అన్ని బండ్లూ ఒకేసారి ఆడికి ఎగబడడం, పులి రోడ్డు దాటాలని చూస్తా ఉంటే ముందొక జీపు వెనకొక జీపు, ఇంజన్లు ఆపరు, పాపం అది ఎటు పోవాలో తెలీక పొదలో కూర్చుండిపోయింది. జనాలు మాత్రం ఫుల్ హ్యాపీగా తిరిగొచ్చినారు. నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

2012లో సుప్రీంకోర్టు టైగర్ రిజర్వుల్లో కోర్ ఏరియా టూరిజాన్ని కొన్ని నెలలు ఆపేసి, మళ్లీ గైడ్‌లైన్స్ పెట్టి వదిలింది కూడా ఇట్లాంటి బాధలు చూసే కదా.

ఇంక నడక సంగతి. జాంబియాలో సౌత్ లువాంగ్వా అని ఒక పార్కుంది, వాకింగ్ సఫారీలకి అదే పుట్టిల్లు అంటారు, నార్మన్ కార్ అనే ఆయన 1950ల్లో మొదలుపెట్టినాడు. సౌతాఫ్రికాలో క్రూగర్ పార్కులో 1978 నుంచి నడక ట్రయల్స్ నడుస్తా ఉండాయి, గుంపుకి 8 మందికి మించనీరు, తుపాకులతో ఇద్దరు రేంజర్లు ముందుంటారు, 12 ఏళ్ల లోపు పిల్లల్ని అసలు తీసుకోరు. ఒకరి వెనక ఒకరు లైన్‌గా పోవాలి, మాటల్లేవు, తెల్ల బట్టలు వద్దు సెంట్లు వద్దు, గైడ్ చెయ్యి ఎత్తితే ఎక్కడోళ్లు అక్కడ ఆగిపోవాల, ఏం జరిగినా పరిగెత్తకూడదు. గైడ్ దగ్గర చిన్న గుడ్డ సంచిలో బూడిద ఉంటాది, మధ్యమధ్యలో దాన్ని దులిపి గాలి ఎటు పోతా ఉందో చూస్తాడు, మన వాసన జంతువు వైపు పోతే దారి మార్చేస్తాడు. మా కస్టమర్లు ఎవరైనా ఆఫ్రికా పోతా ఉంటే నేను చెప్పేది ఇదే, ముందు రెండు మూడు రోజులు జీపులో సింహాల్నీ ఏనుగుల్నీ తనివితీరా చూసేయండి, ఆ తర్వాత ఒక పొద్దున నడవండి, నడిచేటప్పుడు సింహం కోసం ఎదురుచూడద్దు, అడుగుజాడలు, పేడ, చెట్టు మీద గీతలు, పిట్ట అరుపులు, ఇవి చదవడం నేర్పిస్తారు, అదే అసలు సరుకు. జూన్ నుంచి అక్టోబర్ లోపల పోతే గడ్డి ఎండిపోయి ఉంటాది, జంతువులు నీళ్ల దగ్గర చేరతాయి, నడిచేదానికి అదే కాలం.

అంత దూరం ఎందుకు, కేరళ పెరియార్‌లో ఒకప్పుడు అడివిలో దొంగతనంగా వేటాడినోళ్లూ, చెట్ల బెరడు వలిచినోళ్లూ ఇప్పుడు టూరిస్టులకి గైడ్లుగా నడుస్తా ఉండారు, అడివికి కాపలా కూడా వాళ్లే కాస్తారు. మధ్యప్రదేశ్ సాత్పురాలో కూడా నడిపిస్తారు. అంటే మన దేశంలో కాదు అనేదానికి లేదు.

ఇప్పుడు మన శేషాచలం చూడండి. 1989లో శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్క్ అయింది, 353 చదరపు కిలోమీటర్లు, 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వ్ అన్నారు, అది మన రాష్ట్రంలో మొదటిది. కానీ ఈ అడివిలో గొప్పవన్నీ చిన్నచిన్నవి, దాక్కోని ఉండేవి, లేకపోతే కదలకుండా నిలబడి ఉండేవి. ఎర్రచందనం చెట్టు ఉంది కదా, ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సొంతంగా పుట్టదు, దాని బెరడు నల్లగా మొసలి చర్మం మాదిరి గళ్లుగళ్లుగా పగిలి ఉంటాది, గీరుకున్న చోట ఎర్రగా జిగురు కారి గడ్డకట్టి ఉంటాది, అది దగ్గరికిపోయి చూడాల్సింది గానీ నలభై స్పీడ్‌లో పోయే జీపులో నుంచి చూస్తే మామూలు చెట్టే. దేవాంగపిల్లి అని ఒక చిన్న జంతువు ఉంది, పేరుకే పిల్లి, రాత్రిపూట కొమ్మల్లో మెల్లగా పాకుతా ఉంటాది, ఇంజన్ సౌండ్‌లో దాన్ని ఎవరు కనిపెడతారు.

తలకోనలో ఒకసారి అక్కడి పెద్దాయన ఒకాయన నన్ను వాగు పక్కన ఒక పెద్ద బండ కిందికి తీసకపోయి, వంగి పైకి చూడు నాయనా అన్నాడు. చూస్తే రాతికి తెల్లగా చిన్న చిన్న గుడ్లు పక్కపక్కనే అతికించి ఉండాయి, కొన్ని పగిలి ఉత్త డొప్పలు, కొన్ని కొత్తవి. ఇవి బంగారు బల్లి గుడ్లు, చాలా బల్లులు ఒకే చోటికొచ్చి పెడతాయి, చెయ్యి పెట్టొద్దు అన్నాడు. ఇంకా లోపల సందులో బల్లి తల మాత్రం కనపడింది, పసుపు రంగు, వేళ్ల చివర్లు వెడల్పుగా ఉండాయి, అట్లా ఉండబట్టే తలకిందులుగా బండకి పట్టుకోని ఉండగలదంట. చాలాసేపు అక్కడే గొంతుకూర్చోని ఉండిపోయినాం ఇద్దరం. తలకోన జలపాతం 270 అడుగులు అని అందరికీ తెలుసు, ఆ బండ కింద ఏముందో ఎంతమందికి తెలుసు సార్?

అట్లాంటి చోటికి జీపు తీసకపోవాలంటే కొండ వాలు తవ్వాల, మట్టి జారి వాగుల్లోకి పోతాది, అన్నిటికంటే ముఖ్యం, ఎర్రచందనం దొంగలకి మనమే రోడ్డేసి ఇచ్చినట్టు అవతాది. ఒక పక్క దుంగలు పట్టుకునేదానికి టాస్క్‌ఫోర్స్ పెట్టుకోని, ఇంకో పక్క అడివి నడిమధ్యలోకి బండ్ల దారి చేస్తే ఎట్లా?

చిరుతలున్నాయి కదా, నడక ఎట్లా కుదురుతుంది అనేవాళ్లు ఉంటారు. వాళ్ల భయం నాకర్థమవతాది. 2023 జూన్‌లో అలిపిరి నడక దారిలో ఒక బాబుని చిరుత పట్టుకుపోయి వదిలేసింది, ఆగస్టులో ఒక పాపని చంపేసింది, ఆ రోజు ఊరంతా ఏడ్చినాం. దాని తర్వాతే కదా టీటీడీ వాళ్లు మధ్యాహ్నం 2 దాటితే 15 ఏళ్ల లోపు పిల్లల్ని పంపేది లేదన్నారు, చేతికి కట్టెలిచ్చినారు, గుంపులుగా పోవాలన్నారు. నేను చెప్పే నడకకి ఇంకా గట్టి రూల్స్ ఉండాల, పెద్దోళ్లు మాత్రమే, పొద్దున వెలుతురొచ్చినాక, ఎండెక్కక ముందే ముగించేయాల, ముందొక గైడ్ వెనకొక గార్డు. చిరుతకంటే ఎలుగుబంటితో జాగ్రత్త, దానికి చూపు సరిగా ఆనదు, మలుపు తిరగంగానే ఎదురైతే భయపడి మీద పడతాది, అందుకే అడివి తెలిసిన మనిషి ముందు లేకుండా ఒక్క అడుగు కూడా వేయకూడదు. పర్మిషన్ లేకుండా యూట్యూబ్ వీడియోల కోసం లోపలికి దూరే పిల్లలకి కూడా ఇదే చెప్తా ఉండా, అది చట్టం ప్రకారం నేరం, పైగా ప్రాణాల మీదికొస్తాది.

అన్ని అడవులకీ నడక అని కూడా కాదు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడివిలో ఏనుగులు ఉండాయి, 1980ల్లో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి వచ్చి ఈడే ఉండిపోయినాయి, పొలాల మీద పడడం, మనుషులు చచ్చిపోవడం, కరెంటు తీగలకి ఏనుగులు బలైపోవడం చూస్తానే ఉన్నాం, ఆడ టూరిస్టులు నడిచేదీ వద్దు, జీపులూ వద్దు, ఆ రైతులకీ ఏనుగులకీ ముందు ఒక దారి చూపిస్తే చాలు. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో మాత్రం గూడబాతులు గూళ్లు పెట్టే కాలంలో కట్ట మీద నడుచుకుంటా పోతే దానికి మించింది లేదు, మా కస్టమర్లలో ముసలోళ్లు కూడా నడిచినారు.

మన జనాలకి అడివిలో నడవడం కొత్త కాదు. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం ముక్కోటికి వేలమంది రాళ్లూ నీళ్లూ దాటుకుంటా పోతారు, భక్తితో పోతారు, తప్పు లేదు, కానీ ఆ ఒక్క రోజు అరుపుల్లో, గుంపులో ఒక్క పిట్ట కూడా కనపడదు, ప్లాస్టిక్ సీసాలు మాత్రం మిగులుతాయి. అదే దారిలో పదిమంది మౌనంగా నడిస్తే బెట్లుడుత, అంటే అడివిలో ఉండే పెద్ద ఉడుత, కొమ్మ మీద నుంచి ఇంకో కొమ్మకి దూకేది కనపడతాది.

కాబట్టి ఫారెస్ట్ వాళ్లని మీ పేపర్ ద్వారా అడిగేది ఇది సార్. తలకోనలో వనసంరక్షణ సమితి వాళ్లు ఇప్పటికే ఉండారు, ముందు ఆడే ఒక దారి, మామండూరులో ఒక దారి తీసుకోని, యానాదులకీ చుట్టుపక్కల పల్లెల పిల్లోళ్లకీ మంచి ట్రైనింగ్ ఇచ్చి, జీతం మీద గైడ్లుగా పెట్టండి. వానలు తగ్గినాక మొదలుపెట్టి, మంటలు లేచే ఎండాకాలం రాకముందే మూసేయండి. రోజుకి ఎంతమందో ఒక లెక్క పెట్టండి, నిండిపోతే నిండిపోయిందని చెప్పండి, రికమండేషన్లు తీసుకోవద్దు. జీపు సఫారీ అడిగే కస్టమర్లని నేను బండీపూర్‌కే పంపిస్తా, శేషాచలం అడిగినోళ్లని తలకోన దగ్గర నెరబైలు దాకా నా బండిలో దించేస్తా, ఆడ నుంచి మీ గైడ్ నడిపించుకోని పోతే చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు,
కొర్లగుంట, తిరుపతి.