నా వైపు తిరిగి మాట్లాడినవాళ్లకి

అందరికీ నమస్కారం. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడిలో ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు, డ్రెస్సులు కుట్టుకునే మనిషిని నేను. ఈమధ్యే యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు, చేతికొచ్చింది, చెవి మిషనూ వచ్చింది. రెండింటి వెనకా చాలామంది ఉన్నారు. పేర్లు పెడతానంటే ఒక్కరూ ఒప్పుకోలేదు కాబట్టి పేర్లు లేకుండానే చెబుతున్నాను. చదివితే ఎవరికి వాళ్లకి తెలిసిపోతుంది.

మొదటి దండం మా వీధిలో అద్దెకుండే డిగ్రీ అమ్మాయికి. చెవి పరీక్షకి నాతో ఆసుపత్రికి వచ్చింది. వచ్చినందుకు కాదు, వచ్చి ఏం చేసిందో అందుకు. కౌంటర్‌లో ఆయన నన్ను చూసి, నాకు వినపడదని తెలియగానే ఆ అమ్మాయి వైపు తిరిగి, "ఈవిడ వయసెంత? ఎన్నాళ్ల నుంచి?" అని ఒడియాలో అడగడం మొదలుపెట్టాడు. ఆ పిల్లకి నా సంగతులన్నీ తెలుసు. గడగడా చెప్పేయగలదు. చెప్పలేదు. నా వైపు తిరిగి తెలుగులో మెల్లగా అడిగి, నేను చెప్పేదాకా ఆగింది. అలా రెండు మూడు ప్రశ్నలయ్యాక ఆయనే కాగితం నా ముందుకు జరిపి, నన్నే చూస్తూ వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల ఆయనకి ఒక్క మాట కూడా నేర్పలేదు, వాదించలేదు. ఊరికే నా జవాబు తను చెప్పకుండా ఊరుకుంది, అంతే.

చెవి పోయిందంటే అంతా నిశ్శబ్దం అనుకుంటారు. నా వరకు అలా కాదు. శబ్దం వస్తుంది, మాట విడిపోదు. ముందు పోయేవి సన్నటి ధ్వనులు, స, శ లాంటివి. అవి లేకపోతే వాక్యంలో సగం గాలికి పోతుంది. మిగతాది పెదాలు చూసి పట్టుకోవాలి. పెదాల మీద కూడా అన్నీ తెలియవు. పాట, బాట, మాట మూడూ ఒకేలా కనిపిస్తాయి, సందర్భాన్ని బట్టి ఊహించుకోవడమే. తెలుగులో ఆ ఊహ నాకు బాగానే అలవాటైంది. ఒడియాకి వచ్చేసరికి తలనొప్పి. వాళ్లు అకారాన్ని కూడా పెదాలు గుండ్రంగా చేసి పలుకుతారు, దాంతో నాకు అన్ని మాటలూ ఒకేలా అనిపిస్తాయి. పుట్టినప్పటి నుంచి ఈ ఊళ్లోనే ఉన్నాను, చెవులు బాగున్నప్పుడు ఒడియా తెలుగంత సులువుగా మాట్లాడేదాన్ని. ఇప్పుడు ఆఫీసుల్లో "ఈవిడకి ఒడియా రాదు" అనుకుంటారు!

గట్టిగా అరిస్తే లాభం లేదు. అరిస్తే నోరు వంకర్లు పోతుంది, పెదాలు చదవడం ఇంకా కష్టం. కిటికీకి వీపు పెట్టి నిలబడినా ముఖం చీకటైపోతుంది. వెలుతురు ముఖం మీద పడేలా నిలబడి, మామూలు గొంతుతో, కాస్త నిదానంగా చెబితే చాలు.

ఇంకొకరికి కూడా చెప్పుకోవాలి. అంతకు ముందు వేరే ఊళ్లో ఒక చోట పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. అక్కడ పేర్లు పిలుస్తారు. నా పేరు పిలిచారట, నేను లేవలేదట, "రాలేదు" అని రాసేసుకున్నారు. కళ్లెదురుగానే కూర్చున్న మనిషి రాలేదని! ఈ ఆసుపత్రి గుమ్మం దగ్గర కుర్రాడు మాత్రం నేను చెవి చూపించగానే ఒక చీటీ చించి, దాని మీద నా నంబరు రాసిచ్చి, "నేనే వచ్చి పిలుస్తా, టెన్షన్ పడకండి" అని చేత్తో సైగ చేశాడు. వచ్చి పిలిచాడు కూడా. చీటీ ముక్క, పెన్ను. దీనికి పెద్ద పథకాలేం అక్కర్లేదు.

పరీక్ష చేసిన మేడమ్ గారికి. తలుపు వేసిన చిన్న గదిలో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమంటారు. వినపడిందో, వినపడినట్టు అనిపించిందో తేల్చుకోలేక నేను తడబడుతుంటే ఆవిడ విసుక్కోలేదు, మళ్లీ మొదటి నుంచి పెట్టారు. తర్వాత గ్రాఫు నా ముందు పరిచి ఒక్కో గీతా చూపించారు. దివ్యాంగుల హక్కుల చట్టం లెక్కలో రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ దాకా పోతే వినికిడి లోపం, 70 పోతే బధిరులు. నాది 70 దాటింది.

ఏం మందులు వాడావమ్మా అని అడిగారు. చాలా ఏళ్ల కిందట టీబీ తిరగబెట్టినప్పుడు స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్లు చేయించుకున్నాను. ఆ జాతి మందుల్లో కొన్ని లోపలి చెవిని దెబ్బతీస్తాయట, క్వినైన్ ఎక్కువైనా అంతేనట. క్వినైన్ అనగానే నాకు మా ఊరి గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొచ్చారు. సవర కొండల్లో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి చెవులు పోగొట్టుకున్నారని మా పెద్దవాళ్లు చెప్పేవారు. ఆ చెవులతోనే వాడుక భాష కోసం పోట్లాడారు, 1931లో సవర భాష మీద పుస్తకం అచ్చు వేయించారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసి భాష గురించి గంటలు గంటలు మాట్లాడతాం. చెవుల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఆయన గొప్పతనం తగ్గిపోతుందనుకుంటారో ఏమో! నాకైతే ఆ సంగతి తలుచుకుంటే ఆయన ఇంకాస్త దగ్గరవాడనిపిస్తాడు.

ఇంజక్షన్ల మీద నాకు కోపం లేదు. ప్రాణం నిలబెట్టాయి.

ఇక నా షాపుకొచ్చే ఆడవాళ్లు. మొదట్లో కొందరు మా ఆయనతో చెప్పి వెళ్లేవారు. వెనక మెడ ఎంత లోతు పెట్టాలో ఆయనకేం తెలుస్తుంది పాపం, తలూపేవాడు. రెండు జాకెట్లు పాడయ్యాయి. అప్పుడు స్కూల్లో పనిచేసే ఒక పిన్ని పిల్లల పలక, బలపం తెచ్చి మిషను పక్కన మేకుకి తగిలించింది. ఆవిడే మొదట దాని మీద "చేతులు మోచేతి దాకా, లైనింగ్ వద్దు" అని రాసింది. మిగతావాళ్లు ఆవిడని చూసి మొదలుపెట్టారు. "మౌసీ" అంటూ వచ్చే ఒడియా అమ్మాయిలైతే రాయరు, బొమ్మలు వేస్తారు. మెడ కుండ ఆకారమా, చదరమా, వెనక బొందులా హుక్సా, అన్నీ బొమ్మలే. నిజం చెప్పాలంటే వినే రోజుల్లో కంటే ఇప్పుడే తేడాలు తక్కువ వస్తున్నాయి. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అని నా ఎదురుగానే నవ్వుకున్నవాళ్లూ ఉన్నారు. పెదాలు చదువుతానని వాళ్లకి తెలియదు. ఆ జాకెట్లు కూడా బాగానే కుట్టాను లెండి.

దివ్యాంగులకి ఇలాంటి పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడీఐపీ పథకం కింద చెవి మిషను ఉచితంగా ఇప్పించిన శిబిరం వాళ్లకి, బిళ్ల బ్యాటరీ మీది స్టిక్కర్ పీకితేనే పని మొదలవుతుందని ఓపిగ్గా చూపించిన అబ్బాయికి కూడా దండాలు. పాతపట్నం చుట్టాలు "మిషనొచ్చిందిగా, ఇక బాగైపోయినట్టే" అంటున్నారు. కళ్లజోడు పెట్టుకుంటే అక్షరాలు కనిపించినట్టు కాదు ఇది. మాటతో పాటు కుక్కర్ విజిలూ, ఆటో హారనూ, నా కుట్టుమిషను టకటకా అన్నీ కలిపి పెంచేస్తుంది. కుట్టేటప్పుడు తీసి డబ్బాలో పెడతాను.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించిందని, నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు ఉందని ఆ డిగ్రీ అమ్మాయే చెప్పింది. ఉండాల్సిందే. కానీ నేను పైన చెప్పినవాళ్లలో ఎవరూ చట్టానికి భయపడి నా వైపు తిరగలేదు.

దసరా జాకెట్లు తీసుకోవడం మొదలుపెట్టాను. కొలత జాకెట్టు తప్పకుండా తెండి. ఫోన్ చేయకండి, వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి, తెలుగైనా ఒడియా అయినా చదువుకుంటాను. షాపుకొచ్చాక నేను తల వంచుకుని కుడుతుంటే వెనక నుంచి పిలవకుండా ఎదురుగా వచ్చి బల్ల మీద తట్టండి.