నిర్దోషిని ఎనిమిదేళ్లు జైల్లో పెట్టిన హోంశాఖకి మంత్రి లేరా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మా విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్ హత్య కేసు గురించి పోయిన వారం మీ పేపర్లో లోపలి పేజీలో వచ్చిన వార్త చదివాను. రాద్దామా వద్దా అనుకుంటూ ఇవాళ్టికి కూర్చున్నా. ఆ కేసు మీద ఎప్పుడు వార్త వచ్చినా పోలీసుల గురించి ఉంటుంది, సీబీఐ గురించి ఉంటుంది, పాపం ఆ తల్లి కన్నీళ్ల గురించి ఉంటుంది, ఇన్నేళ్లూ ఈ రాష్ట్రాన్ని ఏలినవాళ్ల మాట మాత్రం ఒక్క ముక్క ఉండదు. వాళ్లని అడగాలని కూడా ఎవరికీ తోచట్లేదు, నాకు అదే ఎక్కువ బాధ.

2007 డిసెంబర్ 27న బీఫార్మసీ చదువుకునే పిల్లని హాస్టల్లోనే చంపేశారు. ఊరూవాడా అట్టుడికిపోయింది. ఎనిమిది నెలల తర్వాత 2008 ఆగస్టులో ఒక పేదింటి కుర్రాణ్ణి పట్టుకొచ్చి వీడే అన్నారు. ఇతను కాదు, అసలువాళ్లని వదిలేశారు అని ఆ పిల్ల అమ్మానాన్నలే మొత్తుకున్నారు, బిడ్డ పోయిన దుఃఖంలో ఉండి కూడా ముద్దాయి తరఫున మాట్లాడిన తల్లిదండ్రుల్ని నేనైతే ఇంకెక్కడా చూళ్లేదు. ఎవరూ వినలేదు. 2010లో విజయవాడ మహిళా కోర్టు 14 ఏళ్ల శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని తేల్చి, దర్యాప్తు చేసిన తీరుని కడిగేసి, బాధ్యులైన అధికారుల మీద చర్య తీసుకోమని, అతనికి లక్ష రూపాయలు ఇవ్వమని చెప్పింది. ఎనిమిదిన్నరేళ్ల యవ్వనానికి లక్ష. ఇంకా దారుణం ఏంటంటే అప్పీలు హైకోర్టులో ఉండగానే కింది కోర్టులో భద్రంగా ఉండాల్సిన సాక్ష్యాల వస్తువులు ధ్వంసం అయిపోయాయని తర్వాత బయటపడింది. ఆఖరికి 2019 డిసెంబర్లో తెనాలిలో ఆ పిల్ల సమాధి తవ్వి మళ్లీ పోస్ట్‌మార్టం చేయాల్సి వచ్చింది. ఆ తల్లిదండ్రులు ఎలా తట్టుకున్నారో.

ఇప్పుడు నేను అడిగేది ఒక్కటే. అరెస్టు నాటికి ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డి గారు, హోంమంత్రి జానారెడ్డి గారు. శిక్ష పడేనాటికి రోశయ్య గారు, సబితా ఇంద్రారెడ్డి గారు. విడుదలయ్యేనాటికి చంద్రబాబు గారు, చినరాజప్ప గారు. తర్వాత జగన్ గారు, ఆయన దగ్గర సుచరిత గారు, వనిత గారు. మళ్లీ చంద్రబాబు గారు, అనిత గారు. మూడు పార్టీలు మారాయి, ఇద్దరు ముగ్గురు కాదు, ఇంతమంది మనుషులు మారారు. వీళ్లు కూర్చుని ఆ కుర్రాణ్ణి ఇరికించారని నేను అనట్లేదు, అనను కూడా. కానీ హోంశాఖ మీది, ఆ పోలీసులకి పోస్టింగులు ఇచ్చేది మీరు, ప్రమోషన్లు ఇచ్చేది మీరు, కోర్టులో ప్రభుత్వం తరఫున ఇతనే హంతకుడు అని వాదించిన ప్రాసిక్యూటర్ని పెట్టేది మీరు. అలాంటప్పుడు మా శాఖ తప్పు చేసింది, క్షమించు నాయనా అని మీలో ఒక్కరైనా ఆ ఇంటికెళ్లి చెప్పడం మనం చూశామా?

అధికారులు చూసుకుంటారు, కోర్టు పరిధిలో ఉంది, చట్టం తన పని తాను చేసుకుపోతుంది. ఈ మూడు మాటలు వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. మరి సుప్రీంకోర్టు 2014 జనవరిలో కిషన్‌భాయ్ కేసులో ఏం చెప్పింది? కేసు కొట్టేసిన ప్రతిసారీ ఎందుకు వీగిపోయిందో ప్రతి రాష్ట్ర హోంశాఖా పరిశీలించాలి, సీనియర్ అధికారులతో కమిటీ వేయాలి, తప్పు చేసిన దర్యాప్తు అధికారుల్ని గుర్తించి చర్య తీసుకోవాలి అని ఆరు నెలల గడువు పెట్టింది. అంటే ఇది కోర్టు పరిధి కాదండీ, మంత్రి గారి టేబుల్ మీద ఉండాల్సిన ఫైలు. మన దగ్గర ఆ కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, ఎంతమంది మీద చర్య తీసుకుంది అని అసెంబ్లీలో ఒక్క ఎమ్మెల్యే అయినా అడగడే!

ఢిల్లీ సంగతీ ఇంతే. తప్పుడు కేసుల్లో ఇరుక్కున్నవాళ్లకి పరిహారం ఇవ్వడానికి చట్టం కావాలని లా కమిషన్ 2018లో 277వ రిపోర్టు ఇచ్చింది. తర్వాత అరెస్టులు, విచారణలు ఎలా జరగాలో చెప్పే పాత సీఆర్పీసీ తీసేసి కొత్త చట్టం తెచ్చారు కదా, 2024 జూలై నుంచి అమల్లో ఉంది, అందులో అది పెట్టారా? పెట్టలేదు. ఆధారం లేకుండా ఒకర్ని అరెస్టు చేయిస్తే ఇప్పించే పరిహారం వెయ్యి రూపాయలు దాటకూడదని పాత చట్టంలో ఉన్న మాటని మాత్రం అలాగే ఉంచారు. వెయ్యి రూపాయలు! ఈ రోజుల్లో లాయర్ గుమాస్తా కూడా తీసుకోడు.

పోనీ హోంశాఖకి చేతకాదా అంటే బ్రహ్మాండంగా చేతనవుతుంది. తమ పార్టీ నాయకుల మీద కేసులు ఎత్తేయాలంటే రాష్ట్రాల్లో జీవోలు రాత్రికి రాత్రి రెడీ అవుతాయి. హైకోర్టు అనుమతి లేకుండా ఎంపీలు, ఎమ్మెల్యేల కేసులు ఉపసంహరించకూడదని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎంతవరకు పోయిందో చూడండి.

పేరు వచ్చే చోట మాత్రం నాయకులు అందరికంటే ముందు ఉంటారు. 2019 డిసెంబర్లో తెలంగాణలో దిశ కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపిన చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్ అవగానే మన అసెంబ్లీలోనే అప్పటి ముఖ్యమంత్రి జగన్ గారు లేచి పక్క రాష్ట్ర ముఖ్యమంత్రికి హ్యాట్సాఫ్ చెప్పారు, అదే వారంలో 21 రోజుల్లో తీర్పు అంటూ దిశ బిల్లు పాస్ చేశారు. ఆ ఎన్‌కౌంటర్ మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో అది కావాలనే కాల్చి చంపడం అని, పది మంది పోలీసుల్ని విచారించాలని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని చెప్పింది. అప్పుడు చప్పట్లు కొట్టిన నాయకులు ఆ రోజు ఎక్కడున్నారు? దిశ బిల్లుకి రాష్ట్రపతి ఆమోదమే రాలేదు, ఆ పేరుతో ఫ్లెక్సీలు మాత్రం ఊరూరా కట్టారు.

1956లో మన మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదంలో వందమందికి పైగా పోతే అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి గారు రాజీనామా ఇచ్చారు. నెహ్రూ గారు వద్దన్నారు. అదే ఏడాది అరియలూర్ ప్రమాదం జరిగితే మళ్లీ ఇచ్చి వెళ్లిపోయారు. ఆ రైళ్లు ఆయన నడిపారా? శాఖ నాది అనుకున్నారు, అంతే. రాజీనామాలు ఇమ్మని ఇప్పుడు ఎవర్నీ అడగట్లేదు, ఆ స్థాయి ఆశలు ఎప్పుడో వదిలేసుకున్నాం.

హోంమంత్రి గారు వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో లేచి నిలబడి 2017 తీర్పు తర్వాత ఏ హోదా అధికారి మీద ఏం చర్య తీసుకున్నారో చెప్పాలి. సుప్రీంకోర్టు చెప్పిన కమిటీ రిపోర్టుల్ని ఏటా సభలో పెట్టాలి. లా కమిషన్ చెప్పిన పరిహారం చట్టం కోసం కేంద్రం చెయ్యి కోసం చూడకుండా రాష్ట్రమే ఒక పథకం పెట్టాలి, అన్నిటికీ పథకాలు ఉన్నాయి కదా మన దగ్గర. ప్రతిపక్షం వాళ్లు కూడా ఇది మా హయాంలో కాదు అని తప్పుకోకుండా, మా హయాంలోనూ జరిగింది అని ఒప్పుకుని అడగాలి. మీ పత్రిక కూడా ఈసారి ఆ కేసు వార్త వేసేటప్పుడు తాడేపల్లిలో జగన్ గారికీ ఉండవల్లిలో చంద్రబాబు గారికీ ఫోన్ చేసి వాళ్ల సమాధానం ఏంటో మొదటి పేజీలో వేయండి, సమాధానం ఇవ్వకపోతే ఇవ్వలేదనే వేయండి.

ఇట్లు
మీ పాఠకురాలు,
విజయవాడ