హైదరాబాద్ నగర కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు న్యూయార్క్‌లో క్వీన్స్ కౌంటీ ఫార్మ్ మ్యూజియం చూశాను. నగరంలోనే 47 ఎకరాలు, 1697 నుంచి సాగులో ఉంది! 1772 నాటి రైతు ఇల్లు, గొర్రెలు, కోళ్లు, ద్రాక్షతోట. 1926లో క్రీడ్‌మోర్ మానసిక ఆసుపత్రి కోసం ప్రభుత్వం కొంటే, రోగులే అక్కడ కూరగాయలు పండించేవారట. 1975లో మ్యూజియం అయింది. గుడ్డు ఫ్రిజ్‌లో పుట్టదని మా మనవడికి తెలిసింది అక్కడే.

మన నగరంలో మిగిలిన పొలాల్లో పదెకరాలైనా ఇలా ఉంచండి. సిమెంటు ఎడ్లు, బొమ్మ రైతులు వద్దు. నిజంగా వరి నాటాలి, కోయాలి, పేడ వాసన రావాలి. పిల్లలు కాళ్లకు బురద అంటించుకుని ఇంటికెళ్లాలి (తల్లులు నన్ను తిట్టుకున్నా సరే). స్థలం చూపించండి, నాట్లకు నేనూ వస్తాను. నడుం సహకరిస్తేనే లెండి.

ఇట్లు,
పొలం అమ్ముకుని పట్నం వచ్చిన ఒక తాత