రెండు చేతుల తూకం

పర్లాకిమిడి,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన మిత్రమా,

నీ రెండు ఉత్తరాలకూ కలిపి ఇంత ఆలస్యంగా బదులు రాస్తున్నందుకు కోప్పడకు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, తమ్ముడికి గుణుపురం బదిలీ అయింది. ఇంటి కబుర్లు ఇంతే. అసలు సంగతి మన బొమ్మ విమానం కిట్టుది, అదే, కొన్నవాళ్లే ముక్కలు అతికించి ఎగరేసుకునే మన పెట్టెది, అది నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

మొదటి పెట్టెను విమానాల ఊసే తెలియని మనిషికి ఇచ్చి చూద్దామని నువ్వే అన్నావు కదా, మా వీధి చివర కొమ్ముబొమ్మలు చేసే తాతగారికి ఇచ్చాను. తెలుగులోనూ ఒడియాలోనూ మనం అంత శ్రమపడి రాసిన సూచనల పుస్తకంలో ఆయన ఒక్క వాక్యమైనా చదవలేదు. నీ బొమ్మలను మాత్రం కళ్లజోడు పైకెత్తి చాలాసేపు చూసి, "ఈ నాలుగో బొమ్మలో చేతికి ఆరు వేళ్లున్నాయేమిటి బాబూ?" అన్నారు. నీ పాత జబ్బు ఇంకా నయం కాలేదన్నమాట.

తరువాత 'ఎడమ', 'కుడి' అని చీటీలు అంటించిన రెండు రిబ్బుల (రెక్క ఆకారాన్ని నిలిపే పలుచని చెక్క ముక్కల) కట్టలను చెరొక అరచేతిలో పెట్టుకొని, కొంచెంగా ఎగరేసి, "కుడిది బరువు" అన్నారు. గీత ఒకటే, మందం ఒకటే, మూడు మిల్లీమీటర్లు. నేను నమ్మక చిన్న కాటా తెచ్చి తూచాను. ఎడమ కట్ట 8 గ్రాములు, కుడి కట్ట 12!

జరిగినదేమిటంటే, ఒక్కొక్క బాల్సా షీటులోంచి ఎడమ రిబ్బు, కుడి రిబ్బు పక్కపక్కనే వచ్చేటట్లు నేను గీసి పంపిన అమరికను, లేజర్ కోత దుకాణంవారు చెక్క ఆదా చేయడానికి చెప్పకుండా మార్చి, ఒక రెక్క మొత్తాన్ని ఒకే షీటులోంచి కోసేశారు. బాల్సా సంగతి నీకు తెలుసు, ఈక్వడార్ నుంచి వచ్చే ఆ చెక్క ఘనమీటరుకు 100 కిలోలూ ఉండవచ్చు, 160 కిలోలూ ఉండవచ్చు. మీటరు పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు గల మన షీటే ఒకటి 30 గ్రాములు తూగితే ఇంకొకటి 48 తూగుతుంది. రెక్క ముందు అంచుకు కప్పే పలకల తేడా కూడా కలిస్తే విమానం ఎప్పుడూ కుడికే ఒరుగుతుంది. కొన్నవాడు కారణం తెలియక ఐలెరాన్ ట్రిమ్ముతో, అంటే రెక్క వెనక అంచున కదిలే పలకను కాస్త వంచి ఉంచే సర్దుబాటుతో, సరిచేసుకుంటాడు, గాలిలో వేగంగా ఉన్నంతసేపు అది సరిపోతుంది కూడా. కానీ దిగేటప్పుడు వేగం తగ్గేకొద్దీ ఐలెరాన్ బలం తగ్గుతుంది, బరువు మాత్రం తగ్గదు. నేలకు మూరెడు ఎత్తులో కుడి రెక్క వాలిపోతుంది, తిట్లు మనకు వస్తాయి.

తాతగారికి ఇదేమీ వింతగా తోచలేదు. "కొమ్ము మొదలు గుల్ల, కొస గట్టి, చూసుకోకుండా కొంగకు రెండు రెక్కలూ చెక్కితే బొమ్మ నిలబడదు" అంటూ రెండు కట్టలూ విప్పి, పేకముక్కల్లా కలిపి, బరువైనవీ తేలికవీ జతలు చేసి పెట్టారు. రిబ్బుల నంబర్ల వరుస పోతుందని నేను అరవబోయి ఆగాను. మన రెక్క పొడవునా వెడల్పు ఒకటే కనుక ఏ రిబ్బు ఎక్కడ పెట్టినా ఒకటే. ఆయన కొడుకులిద్దరూ సూరత్ మిల్లుల్లో ఉన్నారు, ఆ అరచేతుల్లో ఉన్నది నేర్చుకునేవారు ఇంట్లో ఎవరూ... సరే, అది మొదలుపెడితే ఈ ఉత్తరం ముగియదు.

ఇకమీదట ప్రతి షీటునూ తూచి, బరువును పెన్సిలుతో దానిమీదే రాసి కోతకు పంపుతాను. అమరిక మార్చరాదని ఆర్డరు మీద ఎర్ర సిరాతో రాస్తాను. నీ వంతు పని నాలుగో పేజీ. జిగురు పెట్టకముందే రెండు కట్టలనూ రెండు చేతుల్లో తూచుకొమ్మని ఒక బొమ్మ గీయాలి, వేళ్లు అయిదేసి మాత్రమే. ప్రెస్సువాళ్లు శుక్రవారందాకా ఆగుతామన్నారు. మోటారు బిగించే ప్లైవుడ్ పలక గురించి కూడా తాతగారు ఒక మాట అన్నారు, అది ఇంతకన్నా పెద్ద కథ, కానీ కరెంటు పోయింది, ఫోను వెలుతురులో ఇంక రాయలేను.

నీ
గేదె పైలట్